కొసరు వేసే ఊరు

కాకినాడ,
2026 మార్చి 2.

చిరంజీవి బుజ్జికి,

నువ్వూ మరిదీ కొత్త ఇంట్లో కుదురుకున్నారని పిన్ని చెప్పింది. ఏప్రిల్లో నీ కాలేజీ స్నేహితులు ముగ్గురు షాంఘై వస్తున్నారని, ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారిని కూడా తీసుకొస్తోందని చదివి చాలా సంతోషించాను. మనకీ చైనాకీ మధ్య 2020లో ఆగిపోయిన నేరు విమానాలు పోయిన అక్టోబరు నుంచి మళ్ళీ నడుస్తున్నాయి కదా, ఇక నీ ఇంటికి మనవాళ్ళు వస్తూనే ఉంటారు. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఇంత ఉత్తరం రాస్తున్నాను. దాచుకో, మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

ఐదు రోజులకి ఇరవై రెండు చోట్లు రాసి పంపించి, "ఏమైనా మర్చిపోయానా అక్కా?" అని అడిగావు. చూడాల్సిన చోటు ఒక్కటీ మర్చిపోలేదు. కానీ ఆ పట్టికంతా వెతికినా, వచ్చేవాళ్ళు తమంతట తాము చేసుకునే పని ఒక్కటి కూడా కనిపించలేదు. నాకు బెంగ అక్కడే.

షాంఘైలో ఉన్న రోజుల్లో, 2019 మే నెలలో, నేనూ అచ్చం ఇలాంటి పట్టికే వేశాను. రాజమండ్రి నుంచి నా స్నేహితురాలూ, వాళ్ళమ్మగారూ వచ్చారు. ఆవిడని పెద్దమ్మ అని పిలుస్తాను. "నేనున్నాగా, మీకు సిమ్ ఎందుకు, డబ్బు మార్చుకోవడమెందుకు" అని విమానాశ్రయంలోనే చెప్పేశాను. ప్రేమతోనే చెప్పాను. మూడోరోజు సాయంత్రం పీపుల్స్ స్క్వేర్ స్టేషన్లో, 1, 2, 8 లైన్లు కలిసే ఆ జనసముద్రంలో, నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని రైలెక్కాను. నా స్నేహితురాలు ఎక్కేలోగా తలుపులు మూసుకున్నాయి. తన ఫోన్లో నెట్ లేదు. మా ఇంటి చిరునామా తెలీదు. చేతిలో ఒక్క యువాను లేదు. తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి మేం రైలెక్కిన చోటే, ఒక స్తంభం పక్కన నిలబడి ఉంది. రాజమండ్రిలో ఒక బ్యాంకు బ్రాంచి నడిపే మనిషి. కళ్ళనిండా నీళ్ళు. "ఇక్కడ నాకు చదువు రాదు, మాట రాదు, చేతిలో డబ్బు లేదు. చంటిపిల్లనైపోయానే" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు బుజ్జీ. మన ఊళ్ళో చుట్టం వస్తే కాళ్ళకి నీళ్ళిచ్చి, మంచం వాల్చి, వేడన్నం పెడితే మర్యాద పూర్తవుతుంది. వీధిలోకి వెళ్తే ఆ చుట్టం బోర్డు చదువుకోగలడు, ఆటో మాట్లాడుకోగలడు, కిళ్ళీ కొనుక్కోగలడు. షాంఘైలో దిగిన మనవాళ్ళకి ఆ మూడూ ఒక్కసారిగా పోతాయి. చదువు, మాట, డబ్బు. నువ్వు చెయ్యాల్సిన మొదటి మర్యాద ఆ మూడింటినీ వాళ్ళకి తిరిగివ్వడం. టవర్లూ తోటలూ ఆ తర్వాతే.

ఇందులో సగం పని వాళ్ళు మన గడ్డ మీద ఉండగానే అయిపోవాలి. 2019లో మనవాళ్ళ కార్డులు అక్కడి ఫోన్ చెల్లింపులకి పనికొచ్చేవి కావు. 2023 నుంచి అలీపే, వీచాట్ రెండూ విదేశీ వీసా, మాస్టర్ కార్డులని బాగా తీసుకుంటున్నాయి. కార్డు కలపడం, పాస్‌పోర్టు వివరాలు నింపడం ఇంట్లో కూర్చునే చెయ్యమను. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కాబట్టి అక్కడికెళ్ళాక తిప్పలు పడక్కర్లేదు. బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకి అంతర్జాతీయ వాడకం తెరిచి ఉందో లేదో చూసుకోమను. చాలామందికి అది మూసే ఉంటుంది, షాపు ముందు నిలబడ్డాక తెలుస్తుంది. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపు మీదా 3 శాతం రుసుము పడుతుంది, అంతకు లోపయితే ఏమీ ఉండదు. అయినా నాన్నగారి వయసు వాళ్ళకి చేతిలో నోట్లు ఉంటేనే ధైర్యం. కొంత నగదు కూడా ఉంచు.

ఫోన్ సంగతి ఇంకా ముఖ్యం. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడ పనిచెయ్యవని నీకు తెలుసు, వాళ్ళకి వినడమే తప్ప అనుభవం లేదు. మన సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుని వస్తే ఆ డేటా మీద వాట్సాప్ నడుస్తుంది. నీ ఇంటి వైఫైకి మారగానే ఆగిపోతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే, ఇంటికి చేరి వైఫై పెట్టుకున్న రాత్రే ఇక్కడ ఫోన్ అందక ఒకమ్మ నిద్రపోదు. అందరూ వీచాట్ కూడా పెట్టుకుని, బయల్దేరక ముందే నీతో ఒకసారి మాట్లాడి చూసుకోమను.

తేదీలు బాగానే ఎంచుకున్నారు. ఏప్రిల్ మొదట్లో ఛింగ్‌మింగ్ సెలవులు, మే 1 నుంచి కార్మికదినం సెలవులు. ఆ రెంటికీ మధ్య వస్తే మరీ ఎండా, మరీ చలీ లేకుండా ఊరు హాయిగా ఉంటుంది. ముందుముందు ఎవరైనా జూన్లో వస్తామంటే మెయ్యూ వానల సంగతి చెప్పు. గోడలకి బూజు పట్టే ముసురు. అక్టోబరు మొదటి వారంలో మాత్రం ఎవరినీ రానివ్వకు, దేశమంతా రైళ్ళలోనే ఉంటుంది.

అందరూ పచ్చళ్ళు తెస్తామంటారు. పొడులు, చింతపండు, అప్పడాలు తెమ్మను. పళ్ళు, పచ్చి కూరగాయలు, విత్తనాలు, పాల పదార్థాలు లోపలికి రానివ్వరు. కరివేపాకు రెమ్మలు పెట్టెలో కుక్కి తీరా కస్టమ్స్ వాళ్ళ బుట్టలో వేసి రావడమెందుకు? నాన్నగారి మందులు పట్టీలతో సహా, డాక్టరు చీటీతో చేతిసంచిలోనే ఉండాలి. మన లావు గుండ్రటి పిన్నుల ప్లగ్గులు అక్కడి గోడల్లో దూరవు, ఒక అడాప్టరు నువ్వే కొని ఉంచు.

ఇక దిగిన రోజు. విమానం పుడోంగ్‌లో రాత్రి పదిన్నర దాటి దిగితే మెట్రో మీద ఆశ పెట్టుకోకు, కారు మాట్లాడుకో. పగలు దిగితే 2వ నంబరు లైను తిన్నగా ఊళ్ళోకి తెస్తుంది. మాగ్లెవ్ ఎక్కిస్తే లోంగ్‌యాంగ్ రోడ్డు దాకా 30 కిలోమీటర్లు పది నిమిషాల లోపే. పెట్టెలతో ఉన్నా ఒకసారి ఎక్కించు, పట్టాల మీద ఆనకుండా తేలిపోయే రైలు ఎవరికైనా పండగే.

ఇంటికి చేరాక అన్నం పెట్టు, పడుకోనివ్వు. కానీ పోలీసు నమోదు మాత్రం మర్నాటికి వదలకు. హోటల్లో దిగితే ఆ పని హోటలు వాళ్ళే చేస్తారు. ఇంట్లో దిగిన విదేశీయులు 24 గంటల్లోగా ఆ పేటలోని పాయ్‌చూసోలో, అంటే పోలీసు ఠాణాలో, పేర్లు రాయించుకోవాలి. 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. చెయ్యకపోతే హెచ్చరికతో పోవచ్చు, 2000 యువాన్ల దాకా జరిమానా కూడా పడవచ్చు. షాంఘైలో ఆన్‌లైన్లో కూడా నమోదు చేసుకోవచ్చు. 2024లో స్నేహితులు వచ్చినప్పుడు నేను పెట్టెలు లోపల పెట్టగానే పాస్‌పోర్టులు అడిగి, పప్పు ఉడికేలోపు ఆ పని ముగించాను. ఇంటి ఓనరుకీ, గేటు దగ్గర కాపలా ఆయనకీ కూడా ఫలానా రోజు నుంచి మావాళ్ళు నలుగురుంటారని ముందే చెప్పు. తర్వాత వాళ్ళు ఒంటరిగా లోపలికి వస్తున్నా ఎవరూ ఆపరు.

ఆ రాత్రే ప్రతి ఒక్కరి చేతికీ ఒక చీటీ ఇవ్వు. ఒకవైపు మీ ఇంటి చిరునామా చైనా అక్షరాల్లో, నీ ఫోన్ నంబరు, మీ మెట్రో స్టేషన్ పేరు, బయటికి రావాల్సిన ద్వారం నంబరు. పోలీసుకి 110, అంబులెన్సుకి 120. రెండోవైపు తిండి సంగతులు. నా స్నేహితురాలి దగ్గర ఆ రోజు ఈ అరచేతంత కాగితం ఉండుంటే అలా ఏడ్చేది కాదు.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నాన్నగారు గుడ్డు కూడా ముట్టరని రాశావు. "వో ఛర్ సూ" అంటే నేను శాకాహారం తింటాను అని. అది ఒక్కటే అంటే చాలదు. అక్కడ "రోవ్" అంటే మాంసం, విడిగా ఆ మాటంటే పందిమాంసమనే అర్థం. కాబట్టి రోవ్ వద్దన్నా కోడిముక్కలు రావచ్చు. చిక్కుడుకాయ వేపుడు చెప్తే పైన ఖైమా చల్లుతారు, అది వాళ్ళ లెక్కలో తాలింపు లాంటిది. మాపో తోఫూలోనూ అంతే. ఆకుకూర చెప్తే ఆల్చిప్పల సాసు పోస్తారు. వేపుడుకి పందికొవ్వు వాడేవాళ్ళూ ఉన్నారు. ఇందులో మోసం ఏమీ లేదు, వాళ్ళ వంట అది. అందుకే చీటీ మీద మాంసం, చేప, రొయ్య, గుడ్డు, ఆల్చిప్పల సాసు, పందికొవ్వు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దని రాయించు. మీ ఆఫీసులో ఎవరినైనా అడిగితే రెండు నిమిషాల్లో రాసిస్తారు. మిగతావాళ్ళు మాంసం తిన్నా గొడ్డుమాంసం తినకపోతే "నియూరోవ్" అన్న మాట కూడా నేర్పించు. లాన్‌జౌ నూడుల్స్ దుకాణాల్లో పందిమాంసం ఉండదు కానీ చారు కాచేదే గొడ్డుమాంసంతో.

నాన్‌జింగ్ పడమటి రోడ్డులో గోంగ్‌దలిన్ అని 1922 నాటి శాకాహార భోజనశాల ఉంది. అక్కడికి తీసుకెళ్ళు. కానీ సోయా పొరలతో బాతుమాంసంలాగా, చేపలాగా చేసి పెడతారు, చూడగానే నాన్నగారు లేచిపోకుండా ముందే చెప్పు. షాంఘై వంటలో తీపి ఎక్కువ, మూడోరోజుకి మనవాళ్ళ నాలుక కారం కోసం కొట్టుకుంటుంది. అప్పుడు హునాన్ వాళ్ళ హోటలు వెతుకు, వాళ్ళ మిరప మన గుంటూరు మిరపకి దగ్గర చుట్టం. సిచువాన్ వంటలో నాలుక తిమ్మిరెక్కుతుంది, ఆ తిమ్మిరి కొందరికి నచ్చదు. ఎక్కడికెళ్ళినా బల్ల మీదికి ముందు వేడినీళ్ళొస్తాయి. పెద్దవాళ్ళకి అది వరం, ఒక ఫ్లాస్కు సంచిలో పెట్టు. కుళాయి నీళ్ళు కాచకుండా ఎవరినీ తాగనివ్వకు.

ఇప్పుడు నీ పట్టిక. రోజుకి ఒక్క పెద్ద చోటే ఉంచి మిగతావి కొట్టెయ్యి. హువాంగ్‌పు నది మీద దీపాల పడవకి బోలెడు డబ్బు పోసి టిక్కెట్లు కొనకు. ఊళ్ళోవాళ్ళు సైకిళ్ళతో ఎక్కే మామూలు రేవు పడవకి 2 యువాన్లు. పొద్దుగూకే వేళ అందులో దాటించు. ఒక గట్టున 1923లో కట్టిన హెచ్‌ఎస్‌బీసీ భవనం, 1927 నాటి కస్టమ్స్ గడియారం. ఎదుటి గట్టున 632 మీటర్ల షాంఘై టవర్. వందేళ్ళ చరిత్ర ఆ కాసేపట్లో కళ్ళ ముందు నిలబడుతుంది. పక్కన ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే మనిషి కూరగాయల సంచి పట్టుకుని నిలబడి ఉంటాడు. నాకు ఆ మనిషి కూడా చూడాల్సినవాడే.

యూ యువాన్ తోటకి తీసుకెళ్తే ఊరికే తిప్పి తీసుకురాకు. పాన్ యున్‌దువాన్ అనే అధికారి తన తండ్రి వార్ధక్యం ప్రశాంతంగా గడవాలని 1559లో మొదలుపెట్టిన తోట అది. కూతురు తీసుకురాగా వచ్చిన నాన్నగారికి ఆ సంగతి అక్కడే, ఆ రాళ్ళ మధ్య నిలబడి చెప్పు. ఆయన పాతకాలపు పార్టీ మనిషని రాశావు కదా, షిన్‌థ్యెన్‌ది పక్కన 1921లో చైనా కమ్యూనిస్టు పార్టీ మొదటి మహాసభ జరిగిన ఇల్లుంది. చిన్న ఇటుకల ఇల్లు. అక్కడ ఆయన్ని తొందరపెట్టకు. మ్యూజియంలు చాలావాటికి సోమవారం సెలవు, పాస్‌పోర్టు అడుగుతారు, ముందే చూసుకో.

నీ పట్టికలో లేనిదొకటి చేర్చుకో. హోంగ్‌కౌలో యూదు శరణార్థుల మ్యూజియం. 1930లలో, యూరప్‌లో నాజీల నుంచి పారిపోయినవాళ్ళకి దేశాలన్నీ తలుపులు వేసుకుంటున్న రోజుల్లో, వీసా అడగకుండా దిగనిచ్చిన రేవు షాంఘై. సుమారు 20,000 మంది అలా వచ్చి బతికారు. ఇరుకు గల్లీల్లో పేద చైనా కుటుంబాల పక్కనే ఇళ్ళు పంచుకున్నారు. అతిథిని ఆదరించడమంటే ఏమిటో నాకు ఆ ఊరు చెప్పిన మొదటి పాఠం అది.

రెండో పాఠం 2022లో. ఏప్రిల్, మే నెలలు కోవిడ్ లాక్‌డౌన్‌తో ఊరంతా తలుపులు మూసుకుంది. మా పై అంతస్తు ఆవిడ, మేం ఎప్పుడూ తలూపడమే తప్ప మాట్లాడుకోని మనిషి, ఒక రోజు మా తలుపు పిడికి ఆకుకూరల సంచి తగిలించి వెళ్ళింది. బెల్లు కూడా కొట్టలేదు. మేం ఏం తింటున్నామో, మా దగ్గర ఏముందో అడగలేదు. దగ్గరుండి చూసుకోవడానికి వీల్లేని రోజుల్లో కూడా మనిషి మనిషిని చూసుకోవచ్చని నాకు అప్పుడు తెలిసింది.

ఈ సంగతి నీకెందుకు చెప్తున్నానంటే, పరాయిదేశంలో ఉన్నవాళ్ళకి మనవాళ్ళు వస్తే వదలబుద్ధి కాదు. నెలల తరబడి తెలుగు మాట వినని చెవులు కదా. పొద్దున్న లేచింది మొదలు వెంటే ఉండి, ప్రతి మెట్టూ మనమే చూపించి, ప్రతి ముద్దా మనమే అందించాలనిపిస్తుంది. అందులో ప్రేమ ఎంతుందో మన ఒంటరితనమూ అంతే ఉంది. నువ్వు అక్కడ ఎంత గొప్పగా ఉన్నావో వాళ్ళకి చూపించాలన్న తపన కూడా ఉంటుంది. ఆ ఊరి మీద నీకున్న విసుగంతా వాళ్ళ ముందు గుమ్మరించాలనీ ఉంటుంది. రెండూ వద్దు. నువ్వు ఎలా ఉన్నావో వాళ్ళు నీ వంటింట్లో ఒక్క సాయంత్రం కూర్చుంటే తెలుసుకుంటారు.

మీ ఇల్లు రెండు గదులది. ఎన్ని రాత్రులు మీ ఇంట్లో, ఎన్ని హోటల్లో అన్నది టిక్కెట్లు కొనక ముందే తేల్చి చెప్పు. మొహమాటపడి చెప్పకపోతే నాలుగోరోజుకి మరిది మొహం చూసి వాళ్ళే గ్రహిస్తారు, అది ఇద్దరికీ కష్టం. నీకు ఆఫీసు ఉన్న రోజున ఆఫీసుకి వెళ్ళు. ఒక యువాను పన్నెండు రూపాయల పైమాటే కాబట్టి ప్రతి బిల్లు దగ్గరా వాళ్ళు లెక్కవేస్తారు, నొచ్చుకోకు. ఒక పూట భోజనం డబ్బు వాళ్ళు ఇస్తామంటే ఇవ్వనివ్వు. తీసుకోవడమే తప్ప పెట్టడానికి వీల్లేని చోట ఎవరికైనా ప్రాణం ఇరుకవుతుంది.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. స్టేషన్లో జరిగిన దాని తర్వాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, 100 యువాన్లు చిన్న నోట్లుగా మార్చి పెద్దమ్మ చేతిలో పెట్టాను. చిరునామా చీటీ ఇచ్చాను. రెండు వీధుల అవతల కూరగాయల మార్కెట్టు ఉంది, అంతకుముందు రోజు నాతో వచ్చి చూసిందే. "కూరలు తెచ్చిపెట్టు పెద్దమ్మా, ఈ పూట వంట నీదే" అన్నాను. నలభై నిమిషాలు. బాల్కనీలో నిలబడి వీధి మలుపు చూస్తూ, చెప్పులేసుకుని వెళ్ళిపోదామా అని పదిసార్లు అనుకున్నాను. మీ బావ వెళ్ళనివ్వలేదు.

వచ్చింది. కొంగు బిగించి, రెండు చేతులా సంచులతో. ఎర్ర తోటకూర, చామదుంపలు, కాకరకాయలు, పొడుగు బొబ్బర్లు. "అన్నీ మనవేనే! తూటికూర కూడా ఉంది, రేపు తెస్తాను" అంది. తర్వాత సంచిలోంచి గుప్పెడు ఉల్లికాడలు తీసి నా ముందు పెట్టింది. "వీటికి డబ్బు తీసుకోలేదు. నేను వద్దంటున్నా సంచిలో పడేసింది ఆవిడ. ఈ ఊళ్ళో కూడా కొసరు వేస్తారే!"

ఆ మధ్యాహ్నం కాకినాడ చింతపండుతో తోటకూర పులుసు కాచింది. ఆ ఎర్రాకు కలిపితే అన్నమంతా గులాబీరంగు తిరుగుతుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ అమ్మే ఆవిడ షాంఘై మాటలో, ఈవిడ గోదావరి మాటలో ఏం చెప్పుకునేవారో తెలీదు, ఆలస్యంగా వచ్చేది. నేను ఎక్కించిన టవరు ఎన్ని అంతస్తులో ఈ రోజు అడిగితే చెప్పలేదు. పోయిన సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళాను, ఇంటికొచ్చిన చుట్టాలకి ఇంకా ఆ ఉల్లికాడల సంగతే చెప్తోంది.

అందుకని మూడోరోజు పొద్దున్న పూట పట్టికలో ఖాళీగా ఉంచు. నాన్నగారిని మార్కెట్టుకి పంపిస్తావో, పార్కులో తైచీ చేసే ముసలాళ్ళ మధ్యకి పంపిస్తావో, సందు చివర సోయాపాలు తెమ్మంటావో నీ ఇష్టం. వెనక వెళ్ళకు. పది యువాన్ల నోట్లు ఓ పది ఇప్పుడే తెచ్చి అల్మారాలో పెట్టుకో, అప్పటికప్పుడు చిల్లర దొరకదు.

మరిదికి మా ఆశీస్సులు. వచ్చేవాళ్ళతో నీకు చింతపండూ, కంది పొడీ పంపిస్తున్నాను.

ఇట్లు,
నీ అక్క